మా కప్పు మీద పడిన వానకు మేం డబ్బు కడతాం, మీరు లెక్క చెప్పండి

గోదావరి డెల్టా పట్టణాల మునిసిపల్ పాలకవర్గాలకు, కమిషనర్లకు, రాష్ట్ర పురపాలక శాఖ అధికారులకు, జలవనరుల శాఖలో డ్రెయిన్లు చూసే ఇంజినీర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఈ డెల్టాలోని ఒక పట్టణంలో ఐదు సెంట్ల స్థలంలో కట్టుకున్న సొంతింట్లో ఉంటున్నాను. ముప్ఫై ఏళ్లకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా నాన్న పంట కాలువల మీద లస్కరుగా, అంటే నీళ్లు వదిలి గట్లు చూసుకునే ఉద్యోగిగా పనిచేశారు. "చేనుకు నీళ్లు పెట్టడం అందరికీ వచ్చమ్మా, తియ్యడమే పని" అనేవారు. ఆయన వెంట గట్ల మీద తిరిగినదాన్ని కాబట్టి వాన పడితే నీళ్లు ఎటు పోతున్నాయో చూడటం నాకు చిన్నప్పటి అలవాటు.

గత రెండేళ్లలో ఈ విషయం మీద మూడు అర్జీలు ఇచ్చాను. మొదటిది తీసుకున్న కార్యాలయం ఇది ఇంకో శాఖ పని అంది. ఆ ఇంకో శాఖకు వెళితే పట్టణం హద్దు లోపల మాకు సంబంధం లేదన్నారు. మూడోసారి, అర్జీ పరిష్కారమైందని ఫోనుకు మెసేజి వచ్చింది. ఆ మెసేజి వచ్చిన రోజు మా వీధిలో నీళ్లు మోకాలి లోతున ఉన్నాయి. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి, అందరూ చదివేలా రాస్తున్నాను.

ఆ అర్జీల్లో నేను అడిగింది ఇదీ: వాన నీటి పారుదల కోసం ఇళ్ల, స్థలాల యజమానుల దగ్గర విడిగా రుసుము తీసుకోండి. ఇంటికింత అని కాకుండా, ఎవరి స్థలం నుంచి ఎన్ని నీళ్లు వీధిలోకి వస్తున్నాయో కొలిచి వేయండి. ఆ డబ్బును వాన నీటి పనికి తప్ప దేనికీ ముట్టకండి. పన్ను తగ్గించమని అడిగేవాళ్లే తప్ప వేయమని అడిగేవాళ్లు మీకు ఎక్కువగా తగిలి ఉండరు. మా వీధిలోనే ఈ మాటకు నన్ను కోప్పడినవాళ్లున్నారు. నేను ఎందుకు అడుగుతున్నానో ముందు చెప్పనివ్వండి.

1980ల్లో మా ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి అరుగు మీదకు నాలుగు మెట్లు ఎక్కాలి. ఇవాళ వీధిలోంచి ఇంట్లోకి రెండు మెట్లు దిగాలి. ఇల్లు కుంగలేదు, రోడ్డు పెరిగింది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే మెటల్, దాని మీద తారు, ఆ పైన సిమెంటు వేసుకుంటూ పోయారు. రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా స్తోమత ఉన్నవాళ్లు బుసకో గ్రావెలో తోలించి స్థలం మెరక చేసుకున్నారు. వాళ్లు మెరక చేసుకున్న ప్రతిసారీ నీళ్లు వాళ్ల పక్కింటికి పోయాయి. ఆ పక్కింటివాళ్లూ ఎలాగో మెరక చేసుకుంటే, ఆ పక్కదానికి. చివరికి నీళ్లన్నీ ఎవరికి చేతకాదో వాళ్ల ఇంట్లో చేరి కూర్చున్నాయి. మా పేటలో అది మూడు వాటాల పాత పెంకుటిల్లు. అందులో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఒక కుటుంబం, ఆటో నడిపే ఒక కుటుంబం, ఒంటరి ముసలమ్మ ఒకావిడ అద్దెకుంటున్నారు. వాన ముసురుకుంటే మంచాల కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుని, బియ్యం సంచి అటక మీదకు ఎక్కించుకుని రాత్రంతా కూర్చుంటారు.

మా వీధి చివరాయన బ్యాంకులో అప్పు తీసి, జాకీలు పెట్టించి ఇల్లు మూడున్నర అడుగులు లేపించుకున్నాడు. కూతురి పెళ్లికి దాచిన డబ్బు సగం అందులో పోయింది. మరుసటి ఏడే ఆ పక్క రోడ్డు మళ్లీ అర అడుగు లేచింది.

మెరక తోలిన లారీల కిరాయి, జాకీల ఖర్చు, తడిసిన పరుపులు, కాలిపోయిన ఫ్రిజ్ మోటార్లు, పని పోయిన రోజుల కూలి, ఇవన్నీ వాన కోసం మేం ఇప్పటికే కడుతున్న డబ్బే. దానికి రసీదు లేదు, దానితో ఒక్క తూమూ బాగుపడలేదు. ఎంత కట్టాలో నిర్ణయించేది కూడా చట్టం కాదు, పక్కింటివాడి మెరక. ఎంత లేనివాళ్లయితే అంత ఎక్కువ కడుతున్నారు. దీనికంటే నలుగురూ ఒప్పుకున్న లెక్క ప్రకారం వేసే రుసుము ఎన్నో రెట్లు మేలని నా నమ్మకం.

ఇక ఆ లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. సెంటు అంటే సుమారు 40.5 చదరపు మీటర్లు. కాబట్టి సెంటు స్థలం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే నాలుగు వేల లీటర్ల పైమాట. తుపాను పట్టిన రోజున మన దగ్గర 10 సెంటీమీటర్లు పడటం వింతేమీ కాదు. నా ఐదు సెంట్లలో మూడు సెంట్లు డాబా, సిమెంటు చేసిన వాకిలి. అంటే ఆ ఒక్క రోజు నేను వీధిలోకి వదిలేది పన్నెండు వేల లీటర్లు. మిగతా రెండు సెంట్లు మట్టి, రెండు కొబ్బరి చెట్లు, నాలుగు అరటి పిలకలు. మన నల్లమట్టి ఒకసారి నానాక పెద్దగా పీల్చదు, నిజమే. అయినా నీళ్లను కాసేపు పట్టి ఉంచి నిదానంగా వదులుతుంది. ముంపు రావడానికీ రాకపోవడానికీ మధ్య ఉండేది ఆ కాసేపే.

మా వీధి మొదట్లో ఎకరం స్థలంలో ఒక ఫంక్షన్ హాలు ఉంది. కప్పూ, కార్లు నిలిపే ఆవరణా అంతా సిమెంటే. అదే వాన దాని మీద పడితే నాలుగు లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనభై. ఆ ఎనభై ట్యాంకర్లూ అడుగున్నర వెడల్పున్న సైడు కాలువలోకి దిగాలి. ఆ హాలు యజమాని మీద నాకు ద్వేషం లేదు, ఆయన అనుమతి తీసుకునే కట్టుకున్నాడు. కానీ ఆ ఎకరం ఒకప్పుడు వరి చేను. గట్టు జానెడు ఎత్తున్నా చాలు, ఆ 10 సెంటీమీటర్ల వానంతా చేలోనే నిలబడి, తర్వాత చేను పక్కనుండే చిన్న కాలువ బోదెలోకి, బోదెలోంచి మురుగు కాలువలోకి మెల్లగా దిగేది. చేను పోయింది, బోదె పూడింది, అది చేస్తున్న పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. పట్టణాల చుట్టూ వేసిన ప్రతి లేఅవుట్‌లోనూ ఇదే జరిగింది.

ఈ డెల్టాకు ఇది కొత్త పాఠం కాదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి నీళ్లు తెచ్చిపెట్టాడు. ఆ నీళ్లను, వాటికి తోడైన వాననూ సముద్రంలోకి దింపే ఏర్పాటు మాత్రం అంత శ్రద్ధగా జరగలేదు. పాత ఏర్లనే డ్రెయిన్లుగా వాడుకున్నాం. భీమవరం మధ్యగా పోయే యనమదుర్రు, కోనసీమలో కౌశిక, తూర్పు డెల్టాలో తుల్యభాగ, కొల్లేటి నీళ్లు మోసే ఉప్పుటేరు, ఇవన్నీ మోయలేనంత మోస్తున్నాయి. 1960ల్లో డెల్టా ముంపు మీద మిత్రా కమిటీ వేశారు. 1968లో కృష్ణా, గోదావరి డెల్టా రైతుల మీద డ్రెయినేజీ సెస్సు వేస్తూ చట్టమే వచ్చింది. అంటే నీళ్లు దిగే దారికి భూమిని బట్టి డబ్బు కట్టాలన్న సూత్రాన్ని ఈ ప్రాంతపు రైతు అర్ధ శతాబ్దం కిందటే మోశాడు. పొలం ఉన్నవాడు కట్టినప్పుడు, అదే పొలాన్ని సిమెంటు చేసుకున్న మేం ఎందుకు కట్టకూడదు?

ఆస్తి పన్ను కడుతున్నాం కదా అని మీలో ఎవరైనా అనవచ్చు, నా ఇరుగుపొరుగు రోజూ అంటూనే ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. 1965 నాటి మునిసిపాలిటీల చట్టంలోనే ఆస్తి పన్నులో నీటి, మురుగు పారుదల పన్ను ఒక భాగం. మరి ఆ భాగం కింద ఏటా ఎంత వస్తోంది, అందులో వాన నీటి కాలువలకు ఎంత ఖర్చవుతోంది? నా అర్జీల్లో ఈ ప్రశ్న కూడా అడిగాను. జవాబు రాలేదు. ఇంకో సంగతి. 2021 నుంచి మన రాష్ట్రంలో ఆస్తి పన్నును అద్దె విలువ బట్టి కాక మూలధన విలువ బట్టి వేస్తున్నారు. ఆస్తి విలువకూ వానకూ పొత్తు లేదు. మెయిన్ రోడ్డు మీద రెండు సెంట్ల కొట్టుకు ఊరి చివర ఎకరం గోడౌను కంటే విలువ ఎక్కువ కావచ్చు. వీధిలోకి వచ్చే నీళ్లు మాత్రం గోడౌను నుంచే వస్తాయి. పన్ను వేరు, రుసుము వేరు. రుసుమంటే చేసిన పనికి ప్రతిఫలంగా తీసుకునేదని 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నుకు లెక్క అడిగితే బడ్జెట్ పుస్తకం చూసుకోమంటారు. రుసుమైతే, ఏ పని చేశారో చూపించమని అడిగే హక్కు మాకు ఉంటుంది. నేను రుసుము అడగడానికి అసలు కారణం ఆ హక్కే.

ఇతర దేశాల్లో ఇది దశాబ్దాలుగా ఉన్నదే. అమెరికాలో బెల్‌వ్యూ అనే పట్టణం 1974లోనే వాన నీటి పారుదలకు విడిగా ఒక వ్యవస్థ పెట్టి రుసుము తీసుకోవడం మొదలుపెట్టింది. జర్మనీలో చాలాచోట్ల మురుగు నీటి బిల్లు, వాన నీటి బిల్లు విడివిడిగా వస్తాయి. రెండోదాన్ని కప్పు, సిమెంటు, తారు కప్పిన వైశాల్యాన్ని బట్టి వేస్తారు. అమెరికాలోనే ఫిలడెల్ఫియా నగరంలో 2010 వరకు నీటి మీటరును బట్టి వేసేవారు. దానివల్ల కుళాయే లేని పెద్ద పెద్ద పార్కింగ్ స్థలాలు పైసా కట్టేవి కావు, వాన నీళ్లను మాత్రం అందరికంటే ఎక్కువ వదిలేవి. ఆ ఏడాది నుంచి స్థలం వైశాల్యాన్ని బట్టి వేయడం మొదలుపెట్టారు. నీళ్లను తమ స్థలంలోనే నిలుపుకున్నవాళ్లకు తగ్గింపు ఇస్తున్నారు. అన్నిచోట్లా సజావుగా సాగిందని చెప్పను. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం 2012లో కొన్ని కౌంటీలకు (మన జిల్లాల లాంటివి) ఈ రుసుమును తప్పనిసరి చేస్తే ప్రత్యర్థులు 'వాన పన్ను' అని పేరు పెట్టారు. 2015లో ఆ తప్పనిసరి తీసేయాల్సి వచ్చింది.

అంత దూరం వెళ్లక్కర్లేదు, మనకే ఉంది అనుభవం. 2021లో చెత్త సేకరణకు నెలనెలా రుసుము మొదలైంది. జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టారు, 2024 చివరికల్లా అది రద్దయింది. మా వీధి మట్టుకు నేను చూసింది చెబుతాను. జనానికి కోపం రూపాయల మీద కాదు. చెత్త ఎంత వేసినా ఒకటే రుసుము ఎందుకని ఒకరు, బండి రాని నెలకూ ఎందుకు కట్టాలని ఇంకొకరు. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగితేనే వాన నీటి రుసుము నిలుస్తుంది.

రుసుము లేక, లెక్క లేక, బాధ్యత ఎవరిదో తేలక సామాన్యులు పడుతున్న అవస్థలు నాకు కనిపించినంత వరకు ఇవి.

1. రోజు కూలి. నీళ్లు నిలిచిన రోజున టిఫిన్ బండి లేదు, ఇస్త్రీ లేదు, ఆటో లేదు. ఆటో ఇంజన్‌లోకి నీళ్లు పోతే బాగుచేయించడానికి వారం రోజుల సంపాదన పోతుంది. మా పేట ఆటో అబ్బాయి నాతో అన్న మాట: "మీరేమో డబ్బు కడతానంటన్నారు టీచరుగారూ, మాకు ఆ నీళ్లు తీసేస్తే చాలండి, నెలకో యాభై మేవూ ఇస్తాం." నిజానికి అతను కట్టాల్సిన పని లేదు. అతనికి వీధిలోకి నీళ్లు వదిలే కప్పే లేదు.

2. ఆరోగ్యం. మన పట్టణాల్లో చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులే. వాటి పొంగు సైడు కాలువలోకే వస్తుంది. వాన నీళ్లు ఎగదన్నితే ఆ మురుగంతా వంటింట్లోకి వస్తుంది. తర్వాత పదిహేను రోజులు విరేచనాలు, జ్వరాలు. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంతమందిని పట్టిందో నా వయసువాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ దోమ పెరిగేది నిలిచిన మురుగు నీళ్లలోనే.

3. పట్టణానికి దిగువనున్న రైతు. దీన్ని మన పట్టణాల్లో ఎవరూ తలవరు. మా నీళ్లు మాకు కనిపించకుండా పోతే చాలు, పని అయిపోయిందనుకుంటాం. అవి పోయేది ఊరవతల డ్రెయిన్లోకి. అక్కడ గుర్రపుడెక్క, పూడిక, చేపల చెరువుల గట్లు ముందుకు జరిగి ఇరుకైన కాలువ. డెల్టా నేల చదును, నీళ్లను తోసే వాలు లేదు. పైగా పోటు వేళ సముద్రం ఎగదన్నుతుంది, పాటు వచ్చేదాకా నీళ్లు కదలవు. రోజుకు రెండుసార్లు ఇదే తంతు. ఆ నిలిచిన నీళ్లు గట్టు దాటి వరి చేలోకి వస్తాయి. అదీ సార్వా పంట ఈనిక మీద, కోత మీద ఉండే అక్టోబరు, నవంబరుల్లో. 2011లో కోనసీమ రైతులు పంట వేయబోమని క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతోపాటు ఈ ముంపు బాధ కూడా అందులో ఉంది. పట్టణాల్లో సిమెంటు పెరిగినకొద్దీ ఆ రైతు చేను మీదకు మేం పంపే నీళ్లు పెరుగుతున్నాయి. మేం కట్టే రుసుములో ఆయన డ్రెయిన్‌కు వాటా ఉండటం న్యాయం.

4. అద్దెకున్నవాళ్లు. పైన చెప్పిన ముసలమ్మ మూడేళ్లలో రెండిళ్లు మారింది. పల్లపు ఇంటి అద్దె తక్కువ, అందుకే మళ్లీ పల్లపు ఇంట్లోకే వెళ్లింది.

కాబట్టి నా కోరికలు ఇవి. వరస ముఖ్యం. మొదటి రెండూ జరగకుండా మూడోదాన్ని ముట్టుకోవద్దని వేడుకుంటున్నాను.

1. ముందు లెక్క చెప్పండి. ఆస్తి పన్నులోని నీటి, మురుగు పన్ను భాగం గత ఐదేళ్లలో ఎంత వసూలైంది, వాన నీటి కాలువలకు ఎంత పెట్టారు, ఏ వార్డులో ఏ పని చేశారు? వార్డు సచివాలయం గోడకు అంటించండి. ఇప్పటికే తీసుకుంటున్న దానికి లెక్క లేకుండా కొత్తది అడిగితే మా వీధివాళ్లు ఊరుకోరు. వాళ్లు అడిగేది తప్పని నేనూ అనలేను.

2. పట్టణం మొత్తానికి వాన నీటి పటం గీయండి. ప్రతి వీధి ఎత్తు, ప్రతి కాలువ అడుగు మట్టం, రోడ్డు కింద నీళ్లు పోయే ప్రతి ఖానా వెడల్పు, చివరికి ఏ డ్రెయిన్లో కలుస్తుందో అన్నీ ఉండాలి. చాలాచోట్ల సైడు కాలువ అడుగు మట్టం, అది కలవాల్సిన డ్రెయిన్ మట్టం కంటే కింద ఉంటుంది. అలాంటి కాలువకు ఎన్ని కోట్లు పెట్టి సిమెంటు గోడలు కట్టినా నీళ్లు పైకి ఎక్కవు. పటం గీసే ఏడాది రుసుము వసూలు చేయొద్దు.

3. అప్పుడు రుసుము వేయండి. కప్పు, సిమెంటు, తారు కలిపి ఎన్ని సెంట్లుంటే అన్నింటికి. రేటు ఎంతన్నది మీరు ఖర్చు చూసి తేల్చాలి. మాట వరసకు నెలకు సెంటుకు 10 రూపాయలనుకుందాం. నాకు నెలకు 30, ఫంక్షన్ హాలుకు 1,000. అదే ఇంటికో 50 రూపాయలని వేస్తే నేనూ 50, హాలూ 50. ఏది న్యాయమో ఆరో తరగతి పిల్లలు కూడా చెబుతారు. కొలత తప్పయితే సరిచేయమని అడిగే వీలుండాలి. ఎవరి కొలత ఎంతో అందరికీ కనిపించాలి. ఖాళీగా ఉన్నా మెరక తోలి గట్టిపరచిన ప్లాట్లనూ కొలతలోకి తీసుకోవాలి.

4. చిన్న ఇళ్లను వదిలేయండి. 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఆస్తి పన్ను ఏడాదికి 50 రూపాయలే అని 2020లో మీరే నిర్ణయించారు. ఆ ఇళ్లకు వాన నీటి రుసుము అసలు వద్దు. అలాగే ఈ రుసుమును అద్దెకున్నవాళ్ల మీద రుద్దకూడదని ఉత్తర్వులోనే రాయండి. మంచాల కింద ఇటుకలు పెట్టుకునేవాళ్ల చేత యజమాని బిల్లు కట్టిస్తే ఈ లేఖ రాసినందుకు నేను సిగ్గుపడాలి.

5. ప్రభుత్వ భవనాలూ కట్టాలి. పట్టణంలో పెద్ద కప్పులు, పెద్ద ఆవరణలు చాలావరకు ప్రభుత్వానివే: కార్యాలయాలు, మార్కెట్ యార్డులు, బస్టాండ్లు, గోడౌన్లు. కేంద్ర ప్రభుత్వ ఆస్తుల మీద స్థానిక పన్ను పడదని రాజ్యాంగం 285వ అధికరణంలో ఉంది. కానీ నేను అడుగుతున్నది పన్ను కాదు, సేవకు రుసుము. సర్కారు కప్పు మీద పడ్డ వాన కూడా మా వీధిలోకే వస్తుంది.

6. నీళ్లు నిలుపుకున్నవాళ్లకు తగ్గించండి. ఇక్కడ ఒక మనవి: హైదరాబాదులో ఇంకుడు గుంతలు తవ్వారని మన దగ్గరా అదే నిబంధన పెట్టకండి. వానాకాలంలో మన దగ్గర చాలాచోట్ల రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. గుంతలోని నీళ్లు ఇంకడానికి చోటేది? ఇసుక మెరకల మీద గుంతలు పనిచేస్తాయి, నల్లనేలలో పనిచేయవు. ఇక్కడ పనికొచ్చేవి వేరు: పూడ్చకుండా ఉంచిన చెరువు, కొబ్బరి తోటలో చెట్ల వరసల మధ్య బోదె, సిమెంటు చేయని పెరడు, డాబా నీళ్లను పట్టి మర్నాడు వదిలే తొట్టి. ఎవరు వీటిని ఉంచుకుంటే వాళ్లకు సగం తగ్గించండి. ఊళ్లోని పాత చెరువుల్లో మిగిలినవాటిని కల్యాణ మండపాలకో షాపింగ్ కాంప్లెక్సులకో ఇవ్వకండి.

7. ఖాతా విడిగా ఉండాలి. జీతాలకు, కరెంటు బిల్లులకు, రోడ్లకు, విగ్రహాలకు అందులోంచి ఒక్క రూపాయి పోకూడదు. మూడు నెలలకోసారి జమా ఖర్చు సచివాలయంలో పెట్టాలి. ఏ కాలువలో ఎన్ని మీటర్ల పూడిక తీశారో, తీసిన మట్టి ఎక్కడ పోశారో కూడా రాయాలి. ఎందుకంటే, తీసిన పూడికను గట్టు మీదే పోస్తే మొదటి వానకే మళ్లీ కాలువలోకి దిగుతుంది. ఇది మా నాన్నకు ఎంత కోపం తెప్పించేదో నాకు ఇంకా గుర్తు.

8. రెండు శాఖలూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. మునిసిపల్ కాలువ ఆగేచోట జలవనరుల శాఖ డ్రెయిన్ మొదలవుతుంది. నా అర్జీలు రెండు కార్యాలయాల మధ్య తిరిగింది కూడా ఈ గీత దగ్గరే. పట్టణం నుంచి నీళ్లు కలిసే చోటు మొదలు దిగువన కొన్ని కిలోమీటర్ల వరకు డెక్క తీయడం, పూడిక తీయడం, గట్లు జరిపినవాళ్ల చేత వెనక్కి జరిపించడం ఎవరి పనో, ఎవరి డబ్బో, ఏ తేదీలోపో రాతలో ఉండాలి. రుసుములో ఒక వాటా ఆ పనికి పోవాలి.

9. పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీద కొత్త రోడ్డు వేయకండి. వేసవిలో ఏ వీధిలో రోడ్డు వేసినా ముందు ఆ వీధిలో అందరికంటే కిందనున్న గడప ఎత్తు కొలవండి. కొత్త రోడ్డు ఆ గడపకు కిందే ఉండాలి. దీనికి రుసుము అక్కర్లేదు, ఉత్తర్వు చాలు.

10. కొత్త లేఅవుట్ వేసేవాళ్లు ఆ పొలం ఇదివరకు ఎంత నీటిని నిలిపేదో అంత నీటికి చోటు చూపించాలి. బోదె పూడ్చితే బదులు కాలువ తవ్వాలి. చూపించనివాళ్లకు అనుమతి వద్దు.

సాటి యజమానులకు రెండు మాటలు. మీ కోపం నాకు అర్థమవుతుంది. నేనూ పెన్షన్ మీద బతికే మనిషినే. కానీ గత ఇరవై ఏళ్లలో మెరకకు ఎంత పెట్టారో ఒకసారి కాగితం మీద వేసుకోండి. నేను వేసుకున్నాను. నెలకు 30 రూపాయల లెక్కన నేను బతికినంత కాలం కట్టినా ఆ మొత్తంలో సగం కాదు. మీ స్థలంలో మిగిలిన మట్టిని సిమెంటు చేయించే ముందు ఒక్కసారి ఆగండి. కారు నిలపడానికి రెండు చక్రాల దారికి పలకలు వేసుకుంటే చాలు, మధ్యలో గడ్డి పెరగనివ్వండి.

అధికారులకు చివరి మనవి. ఏటా ఏప్రిల్ ప్రాంతంలో పంట కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. డ్రెయిన్లలో దిగి పని చేయగలిగేది, మట్టాలు కొలవగలిగేది ఆ కొద్ది వారాల్లోనే. ఈసారి కాలువలు కట్టేసేలోపు పైన రాసిన 1, 2, 8 అంశాల మీద మీ నిర్ణయం రాతపూర్వకంగా చెప్పండి. మట్టాలు కొలవడానికి మనుషులు చాలరంటే నేను వస్తాను. నా దగ్గర లెక్కలు నేర్చుకుని ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలున్నారు, సెలవుల్లో వాళ్లూ వస్తారు. వీధి వీధీ తిరిగి కొలిచి పెడతాం, దానికి డబ్బు తీసుకోం.

మూడు అర్జీల రసీదుల నకళ్లు, మా పేట ఇళ్ల గడపల ఎత్తు కొలిచి రాసుకున్న పట్టిక మీ కార్యాలయాలకు పంపే ప్రతులకు జతచేస్తున్నాను.

ఇట్లు,
గోదావరి డెల్టాలో ఐదు సెంట్ల ఇంటి యజమానురాలు, రిటైర్డ్ లెక్కల టీచరు